పుషప్స్ 40 కొడుతున్నా ఛాతీ ఎందుకు పెరగట్లేదు? ఇంటి కసరత్తు మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలూ మెసేజులూ చూస్తే సగం పైగా ఒకటే గోల, జిమ్ముకి వెళ్ళే టైమూ డబ్బూ లేవు, ఇంట్లో చాప మీద ఏం చెయ్యొచ్చో చెప్పండి అని. అందుకే ఈ వారం మిగతావన్నీ పక్కన పెట్టి, బరువులు లేకుండా ఒంటి బరువుతోనే చేసేవాటి మీద అడిగినవి మాత్రం తీసుకున్నా.

నాకు 34 ఏళ్ళు. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే, చిన్నదానికి 14 నెలలు. పొట్ట తగ్గాలని యూట్యూబ్ చూసి రోజూ 50 క్రంచెస్ చేస్తున్నా. తగ్గకపోగా, లేచేటప్పుడు పొట్ట మధ్యలో నిలువుగా ఉబ్బెత్తుగా పైకి లేస్తోంది. ఆపెయ్యాలా, ఇంకా పెంచాలా?
*ఒక గృహిణి, తణుకు*

ఆపెయ్యండమ్మా, ఇవాళ్టి నుంచే. అలా లేచేది కొవ్వు కాదు. పొట్ట మీద నిలువుగా అటొకటి ఇటొకటి రెండు పొడుగాటి కండరాలుంటాయి, మధ్యలో వాటిని కలిపి పట్టుకునే పొర ఒకటి ఉంటుంది, కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ పెరిగేకొద్దీ ఆ పొర సాగి పల్చబడి కండరాలు రెండూ పక్కలకి జరుగుతాయి. ఇది దాదాపు అందరికీ జరిగేదే, చాలామందికి కాన్పయ్యాక కొన్ని నెలల్లో దానంతటదే దగ్గరపడుద్ది, కొందరికి పడదు. డాక్టర్లు డయాస్టాసిస్ రెక్టై అంటారు. ఆ ఎడం ఉండగా క్రంచెస్ కొడితే లోపలి ఒత్తిడంతా బలహీనంగా ఉన్న ఆ మధ్య పొర మీదే పడుద్ది, మీకు ఉబ్బి కనిపిస్తోంది అందుకే.

మీరే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి, బొడ్డుకి కొంచెం పైన చేతి వేళ్ళు పాదాల వైపు చూసేలా ఆనించి తల ఒక్కటే కాస్త లేపండి. రెండు కండరాల అంచులూ వేళ్ళకి తెలుస్తాయి, మధ్యలో ఎన్ని వేళ్ళు పడుతున్నాయో చూడండి, బొడ్డు దగ్గరా కిందా కూడా అంతే. రెండు వేళ్ళకి మించి పడినా, వేళ్ళు లోపలికి మెత్తగా దిగిపోతున్నా ఒకసారి ఫిజియోథెరపిస్టుకి చూపించండి, ఆడవాళ్ళ కాన్పు తర్వాతి సమస్యలు చూసేవాళ్ళయితే మరీ మంచిది. బొడ్డు దగ్గరో కోత పక్కనో గుండ్రంగా ఉబ్బొచ్చి నొప్పెడుతుంటే మాత్రం అది హెర్నియా కావచ్చు, అప్పుడు ముందు సర్జన్ దగ్గరికే వెళ్ళండి, కసరత్తు సంగతి తర్వాత.

ఈలోపు చెయ్యగలిగేది ఇది. అలాగే వెల్లకిలా పడుకుని నోటితో పొయ్యి ఊదినట్టు గాలి మొత్తం మెల్లగా వదిలెయ్యండి, చివరికొచ్చేసరికి బొడ్డు కింద పొట్ట దానంతటదే లోపలికి బిగుసుకోవడం తెలుస్తుంది, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరం కూడా దాంతోపాటే కొద్దిగా పైకి లాగండి. ఆ బిగువు పోకుండా ఒక మడమని నేల మీద జార్చుకుంటూ కాలు చాపి మళ్ళీ వెనక్కి తెచ్చుకోండి, తర్వాత రెండోది. ఒక్కో కాలికి 8 సార్లు చాలు. వినడానికి ఇదేం కసరత్తు అనిపిస్తుంది గానీ సరిగ్గా చేస్తే నాలుగోసారికే కాళ్ళు వణుకుతాయి. ఇది తేలికయ్యాక మోకాళ్ళు మడిచి నడుము పైకి లేపే బ్రిడ్జి, ఆ తర్వాత చేతులూ కాళ్ళూ పైకి పెట్టి ఎదురెదురు చెయ్యీ కాలూ మెల్లగా దించే డెడ్ బగ్. ఏది చేసినా మధ్యలో ఉబ్బు లేచిందంటే అది మీకింకా బరువన్నమాట, ఒక మెట్టు కిందకి దిగండి. మంచం మీంచి లేచేటప్పుడు కూడా తిన్నగా లేవకుండా పక్కకి తిరిగి చెయ్యి ఊతం చేసుకుని లేవండి, పిల్లదాన్ని ఎత్తుకునేటప్పుడు ఊపిరి వదుల్తూ ఎత్తండి, రోజుకి ఎన్నిసార్లు ఎత్తుతారో మీకే తెలుసు కదా.

ఇంక పొట్ట తగ్గడం గురించి. పొట్ట కండరానికి పని పెడితే పొట్ట మీది కొవ్వే కరుగుద్దనేది యూట్యూబోళ్ళ మాట, ఒంట్లో కొవ్వు ముందు ఎక్కణ్ణుంచి తగ్గాలో మన చేతిలో ఉండదు, తిండీ నడకా మొత్తం మీద ఒంటి బలం కలిసి తగ్గిస్తాయి. కొలుచుకోవాలంటే తూకం కంటే టేపు నయం, మన దేశంలో ఆడవాళ్ళకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, మగాళ్ళకి 90 దాటితే జాగ్రత్త పడమంటారు. నడికట్టు గురించి కూడా అడుగుతారని తెలుసు, అది ఊతంగా ఉంటుందే తప్ప కండరం పని అది చెయ్యదు.

నాకు 29, సాఫ్ట్‌వేర్, మియాపూర్‌లో పీజీ. జిమ్ముకి ఏడాది ఫీజు కట్టి రెండు నెలలకే మానేశా. రూములో మంచానికీ గోడకీ మధ్య చాప పట్టేంత జాగా ఉంది. పుషప్స్ ఆగకుండా 40 కొడతా, ప్లాంక్ 4 నిమిషాలు ఉంటా. ఆర్నెల్లుగా ఇదే, ఛాతీ పెరగలేదు, పొట్ట మీద పలకలు రాలేదు. ఇంట్లో చేస్తే ఇంతేనా?
*ఒక పాఠకుడు, హైదరాబాద్*

ఇంట్లో చేసినందుకు కాదు బాబూ, ఆర్నెల్లుగా అదే చేస్తున్నందుకు. కండరానికి మనం లెక్కపెట్టే నంబర్ తెలీదు, దానికి తెలిసేది కష్టం ఒక్కటే. ఒక సెట్టులో 5 తీసినా 30 తీసినా కండ పెరుగుద్ది, కాకపోతే ఆఖరి రెండు మూడు నిజంగా పళ్ళు బిగబట్టి తీసేవి కావాలి. నీకు 40 ఊరికే వచ్చేస్తున్నాయంటే మొదటి 30 టైంపాస్. 50కి పెంచినా ఓపిక పెరుగుద్ది గానీ ఛాతీకి పెద్దగా ఒరిగేదేం లేదు.

జిమ్ములో అయితే పక్కన ఇంకో ప్లేటు తగిలిస్తాం, ఇక్కడ కోణం మార్చాలి. మామూలు పుషప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో దాదాపు 64 శాతం, అంటే 70 కిలోల మనిషికి ఓ 45 కిలోలు. అదే మోకాళ్ళ మీద చేస్తే 49 శాతం. చేతులు రెండడుగుల ఎత్తున్న బల్ల మీద పెడితే 41, పాదాలు అంత ఎత్తులో పెడితే 74 శాతం, అంటే 52 కిలోలు. నీ మంచం ఉంది కదా, పాదాలు దాని మీద పెట్టు, 4 అంకెలు లెక్కపెడుతూ దిగు, కింద ఛాతీ నేలకి తాకబోయే చోట ఒక క్షణం ఆగు, అప్పుడు లే. ఆ 40 కాస్తా పన్నెండో పదమూడో అయిపోతాయి, కంగారుపడకు. అది కూడా 20 దాటాక ల్యాప్‌టాప్ బ్యాగులో పుస్తకాలు వేసి వీపుకి తగిలించుకో, ల్యాప్‌టాప్ మాత్రం తీసెయ్. మూడు సెట్లు, మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి, ఫోన్ పట్టుకుంటే అది పది నిమిషాలవుద్దని వేరే చెప్పక్కర్లేదు.

ప్లాంక్ సంగతికొస్తే, 2023లో చెక్ దేశస్థుడొకడు 9 గంటల 38 నిమిషాలు ప్లాంక్‌లో ఉండి గిన్నిస్ రికార్డు కొట్టాడు, మహానుభావుడు, కానీ అది వేరే ఆట. ఒక నిమిషం దాటాక చాలామంది నడుము కిందకి జారి, బరువు కండరాల మీద కాకుండా వెన్ను కీళ్ళ మీద వేలాడుతుంటుంది, గడియారం మాత్రం నడుస్తుంటుంది. నువ్వు ఇలా చేసి చూడు, మోచేతుల మీద ఉండి పిడికిళ్ళు బిగించు, పిరుదులు గట్టిగా బిగించు, మోచేతుల్ని పాదాల వైపుకి లాగుతున్నట్టు నేలకి నొక్కి పట్టు, అవి కదలవు గానీ పొట్ట మొత్తం ఇనుమైపోద్ది. పది సెకన్లు, వదిలెయ్, మళ్ళీ పది, అలా అయిదారు. నాలుగు నిమిషాలోడివి పది సెకన్లకే వణుకుతావు. అదీ చాల్లేదంటే సాక్సులు వేసుకుని నున్నటి టైల్స్ మీద అదే ప్లాంక్‌లో ఒళ్ళు మొత్తం వెనక్కీ ముందుకీ జార్చు.

నువ్వు రాయనిది ఒకటుంది, వీపు. పొద్దస్తమానం కీబోర్డు మీదకి వంగి, దాని పైన పుషప్స్ మాత్రమే కొడితే భుజాలు ఇంకా ముందుకొస్తాయి. దుప్పటి ఒకటి తీసుకుని కొసకి పెద్ద ముడి వేసి, ముడి తలుపు అవతల పైన ఉండేలా పెట్టి తలుపు మూసి గడియ వేసి, ఇటు కొస రెండు చేతుల్తో పట్టుకుని వెనక్కి వాలి ఛాతీని చేతుల దగ్గరికి లాక్కో. మనం లాగితే తలుపు మూసుకునే వైపే నిలబడాలి, తెరుచుకునే వైపు నిలబడితే ఏమవుద్దో చెప్పక్కర్లేదు. పీజీ ప్లైవుడ్ తలుపుల్ని నేనైతే నమ్మను, ముందు మెల్లగా లాగి చూసుకో. కాళ్ళకి, ఒక పాదం వెనక మంచం మీద పెట్టి ఒంటికాలి మీద కూర్చుని లేవడం, కాలుకి పది. పలకలు అంటావా, అవి అందరికీ ఉంటాయి, పైన ఉన్న పొర తగ్గితే కనిపిస్తాయి, దానికి రాత్రి పదకొండింటికి తెప్పించుకునే బిర్యానీతో ముందు మాట్లాడుకోవాలి.

అన్నా, నేను బస్సు డ్రైవర్ని. డ్యూటీ దిగంగనే నడుము పట్టేస్తది, పొద్దుగాల లేస్తే వంగుడు కష్టమైతది. మా దోస్తు రోజూ సిటప్స్ కొట్టు, నడుము గట్టిపడ్తది అంటుండు. కొట్టాల్నా?
*కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు*

వద్దన్నా. రోజంతా సీట్లో వంగి కూర్చునేదే వంగుడు, మళ్ళీ ఇంటికొచ్చి యాభై సార్లు అదే వంగుడా. అదీగాక రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని కొంచెం ఉబ్బుతాయి, అందుకే పొద్దున లేవంగనే బిగుసుకుపోయినట్టు ఉంటుంది, ఆ మొదటి గంటలో బాగా వంగితే డిస్కు మీద ఒత్తిడి ఎక్కువ. లేచిన వెంటనే కాసేపు అటూ ఇటూ నడువు, బూట్లు కుర్చీలో కూర్చుని పాదం పైకి తెచ్చుకుని వేసుకో.

కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో స్టువర్ట్ మెక్‌గిల్ అని నడుము మీదే ఏళ్ళ తరబడి పనిచేసిన ప్రొఫెసర్ ఉన్నాడు, ఆయన చెప్పే మూడే మూడు నీకు సరిపోతాయి. ఒకటి, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండు చేతులూ నడుము కింద ఉండే సందులో పెట్టి తలా భుజాలూ నేల నుంచి ఇంచు లేపి పట్టడం, మెడ వంచొద్దు. రెండు, పక్కకి తిరిగి మోచెయ్యి మీద నడుము లేపి పట్టే సైడ్ ప్లాంక్, మొదట్లో మోకాళ్ళు ఆనించి. మూడు, చేతులూ మోకాళ్ళ మీద ఉండి కుడి చెయ్యి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాపే బర్డ్ డాగ్, వీపు మీద స్టీలు గ్లాసు పెడితే పడిపోకుండా ఉండాలి, ఇంట్లో పిల్లలుంటే ఆ గ్లాసు సంగతి వాళ్ళు చూసుకుంటారు. ఏదైనా ఒక్కోసారి పది సెకన్లకి మించి పట్టొద్దు, మొదటి విడత 6 సార్లు, తర్వాత 4, తర్వాత 2. పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. డ్యూటీలో ట్రిప్పు ట్రిప్పుకీ మధ్య దిగి రెండు నిమిషాలు నిలబడు, టీ కూడా నిలబడే తాగు.

కాలు కిందదాకా గుంజినా తిమ్మిరెక్కినా డాక్టర్ చూశాకే ఇవి. మూత్రం దగ్గర తేడా వచ్చినా, తొడల మధ్య స్పర్శ తెలీకపోయినా ఆ రోజే ఆసుపత్రికి పో, రేపు చూద్దాం అనకు.

అగ్నివీర్ ర్యాలీకి ప్రిపేర్ అవుతున్నా, వయసు 19. రన్నింగ్ బానే ఉంది, పులప్స్ రెండే వస్తున్నాయి. మా తాతేమో దండీలు, బస్కీలు తియ్యరా అన్నీ వస్తాయంటాడు. నిజమేనా?
*విజయనగరం జిల్లా నుంచి*

తాత మాట సగం నిజం తమ్ముడూ. మీ వైపు మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టిన గడ్డ, వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో కసరత్తు నేర్చిన మనిషి, శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే ఉంది, ఆ కాలం తాలింఖానాల్లో, అంటే కసరత్తు శాలల్లో, దండీలూ బస్కీలే అసలు చదువు. బస్కీలు, అంటే గుంజీళ్ళలా కూర్చుని లేవడం, తొడలకి బలమిస్తాయి, పరుగుకీ గెంతుకీ పనికొస్తాయి, దండీలు ఛాతీకీ భుజాలకీ మంచివే. కానీ దండీ అంటే నేలని తొయ్యడం, పులప్ అంటే ఒంటిని లాక్కోవడం, పనిచేసే కండరాలే వేరు. వెయ్యి దండీలు తీసినోడు కూడా కొమ్మ పట్టుకుని వేలాడితే మూడు దగ్గర ఆగిపోవచ్చు.

ర్యాలీలో 10 తీస్తే 40 మార్కులు, 6 తీస్తే 16, అంతకంటే తక్కువైతే గుండు సున్నా. కాబట్టి ఇలా చెయ్యి. చేతికి పట్టే లావున్న వేపకొమ్మో, స్కూలు గ్రౌండులో బారో చూసుకో. బల్లెక్కి గడ్డం కొమ్మ పైకి వచ్చేలా పట్టుకుని కాళ్ళు వదిలి 5 సెకన్లు లెక్కపెడుతూ మెల్లగా కిందకి దిగు, పైకి లాక్కోలేనోడు కూడా మెల్లగా దిగగలడు, బలం అక్కణ్ణుంచే వస్తుంది. నాలుగైదు అలా, రోజు విడిచి రోజు. అవయ్యాక చేతులు పూర్తిగా చాపి 20, 30 సెకన్లు ఊరికే వేలాడు, చాలామందికి ముందు జారేది పట్టే. నీకొచ్చే ఆ రెండు ఒకేసారి తీసి ఆపెయ్యకుండా రోజులో నాలుగైదు సార్లు ఒక్కొక్కటి తీసుకుంటూ పో. కాళ్ళు ఊపి ఎగరడం అలవాటు చేసుకోకు, అక్కడ లెక్కలోకి రాదు. ర్యాలీకి రెండు రోజుల ముందు నుంచీ చేతులకి విశ్రాంతి ఇచ్చెయ్.

రిటైర్డ్ టీచర్ని, 67 ఏళ్ళు, బీపీ మందులు వాడుతున్నాను. పూజ దగ్గర కింద కూర్చుంటే లేవడానికి పక్కన ఏదో ఒకటి పట్టుకోవాల్సి వస్తోంది. ఈ వయసులో కసరత్తు మొదలుపెట్టవచ్చునా?
*ఒక పాఠకుడు, నంద్యాల*

నిక్షేపంగా మొదలుపెట్టొచ్చు మాస్టారూ, బీపీ అదుపులో ఉందో లేదో ఒకసారి మీ డాక్టర్ని అడిగి. ముందు చిన్న పరీక్ష. చేతుల్లేని కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో మనవడితో లెక్కపెట్టించండి. మీ వయసు మగవారికి 12 కంటే తక్కువ వస్తే కాళ్ళ బలం తగ్గినట్టు లెక్క, పడిపోయే ప్రమాదం కూడా ఎక్కువ. మీకు మందు కూడా ఆ పరీక్షే. రోజు విడిచి రోజు 8 చొప్పున మూడు విడతలు, కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడంకెలు లెక్కపెడుతూ దిగండి. మోకాళ్ళు చప్పుడు చేస్తే చెయ్యనీండి, నొప్పీ వాపూ లేకుంటే ఆ చప్పుడుతో ఏం కాదు. గోడకి చేతులు ఆనించి పుషప్స్ పది, వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం కాలుకి పది సెకన్లు.

ఊపిరి మాత్రం బిగబట్టకండి, బలం పెట్టేటప్పుడు ఊపిరి ఆపితే బీపీ ఒక్కసారిగా పైకెళ్తుంది. లేచేటప్పుడు అంకెలు పైకి చదవండి, మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం కుదరదు, టీచరు గారు కాబట్టి కష్టమేం ఉండదు. నేల మీంచి లేవడం కూడా విడిగా సాధన చెయ్యండి, ముందు పక్కకి తిరిగి, చేతులూ మోకాళ్ళ మీదకొచ్చి, ఒక పాదం ముందు పెట్టి, కుర్చీ పట్టుకుని. కొన్నాళ్ళకి కుర్చీ బదులు మీ మోకాలే పట్టుకుంటారు.

మేం శాకాహారులం, డాలస్‌లో ఉంటాం. పప్పన్నం, పెరుగు తింటూ ఈ కసరత్తులు చేస్తే కండ పడుతుందా, పౌడర్ తప్పదా?
*ఒక పాఠకురాలు*

పడుతుంది. తార్నాక జాతీయ పోషకాహార సంస్థ లెక్కన మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, బలం కోసం కసరత్తు చేసేవాళ్ళయితే 1.2 నుంచి 1.6 దాకా తీసుకోవచ్చు. మన చిక్కెక్కడంటే, అన్నం కొండంత, పప్పు గరిటెడు. ఆ కొలత తిరగెయ్యండి, పెరుగు గట్టిది తినండి, శనగలో పెసలో సాయంత్రం గుగ్గిళ్ళు చేసుకోండి, పనీర్, సోయా అక్కడ దొరకనివేం కాదు. అప్పటికీ చాలకపోతే పౌడర్ గురించి చూద్దురు గానీ.

పీరియడ్స్ టైంలో ప్లాంక్, స్క్వాట్స్ చెయ్యొచ్చా? అమ్మ వద్దంటోంది.
*డిగ్రీ విద్యార్థిని, గుంటూరు*

చెయ్యొచ్చమ్మా, ఏం కాదు, కొందరికి నొప్పి తగ్గుద్ది కూడా. మొదటి రోజు ఓపిక లేకపోతే మానెయ్, ఓపికుంటే సెట్లు తగ్గించి చెయ్. నొప్పి మరీ కాలేజీ మానుకునేంత ఉంటే మాత్రం అమ్మనే తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

వారానికి ఎన్ని రోజులు చెయ్యాలి? రోజూ చేస్తే తొందరగా వస్తుందా?
*పేరు, ఊరు రాయలేదు*

కండరాలకి బలమిచ్చే కసరత్తు వారానికి కనీసం రెండు రోజులు చెయ్యమని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, నడక లాంటివి 150 నుంచి 300 నిమిషాలు దానికి అదనం. ఇందాక చెప్పినటువంటివయితే రోజు విడిచి రోజు, మూడు రోజులు చాలు. రోజూ చేస్తే తొందరగా రావడం సంగతేమో గానీ పదో రోజుకి మానెయ్యడం మాత్రం తొందరగా వస్తుంది. ఈసారి రాసేటప్పుడు వయసు కూడా రాయండి.